కార్డాసియా కోర్టు కావాలంటున్న మిత్రులకు

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, "నువ్వు లాయరువి కదా, చదివి బాగుపడు" అన్న ముక్కతో మా చిన్నమామయ్య దగ్గర్నుంచి ఒకసారి, నాంపల్లిలో నా పక్కన కూర్చునే జూనియర్ నుంచి ఒకసారి. ఆరోది ఎవరు పంపారో కూడా చూడకుండా తీసేశాను. "గ్రహాంతర న్యాయం: మన కోర్టులు నేర్చుకోవాల్సిన 8 పాఠాలు" అని పేరు. పైన త్రాసు బొమ్మ, పక్కన ఓ ఆకుపచ్చ మొహం.

అందులో చెప్పింది ఇంతే. సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలో గ్రహాంతరవాసుల కోర్టులు చూడండి, అక్కడ కేసులు పేరుకుపోవు, లాయర్లు సాగదీయరు, దొంగసాక్ష్యం నడవదు, తీర్పు నిమిషాల్లో వస్తుంది. మన దగ్గరేమో 5 కోట్ల కేసులు పెండింగ్. కాబట్టి ఒకటో పాఠంలోని కార్డాసియా గ్రహవాసులతో మొదలుపెట్టి వాళ్ళను చూసి నేర్చుకోవాలి.

ఈ సీరియళ్ళు నేను కాలేజీ రోజుల నుంచి కళ్ళు కాయలు కాసేలా చూసినవి. మెసేజ్ రాసినాయన మాత్రం ఒక్కటి కూడా చివరిదాకా చూసి ఉండడు. విలన్ డైలాగులు విని, ఇంటర్వెల్‌లో లేచొచ్చి, సినిమా అదిరిందని చెప్పే మనిషి ఉంటాడే, ఆ బాపతు.

తేలికవి ముందు తేల్చేస్తాను.

ఆరో పాఠం: స్టార్ ట్రెక్‌లోని యోధజాతి క్లింగాన్లకు లాయర్లుండరు, మాట మీద నిలబడే జాతి. మరి 1991లో వచ్చిన స్టార్ ట్రెక్ ఆరో సినిమాలో అంతరిక్ష నౌక కెప్టెన్ కిర్క్, దాని వైద్యుడు మెకాయ్‌ల తరఫున క్లింగాన్ కోర్టులో వాదించిన కల్నల్ వార్ఫ్ ఎవరు, పాలు పోయడానికి వచ్చినవాడా? చేయని హత్యకు ఆ ఇద్దరినీ రూరా పెంథే గనులకు పంపారు. ప్రాసిక్యూటర్‌గా నిలబడి గర్జించిన జనరల్ చాంగే హత్య కుట్రలో భాగస్తుడు. మాట మీద నిలబడటమంటే అదన్నమాట.

ఏడోది: మానవజాతి మొత్తాన్ని విచారించిన క్యూ అనే సర్వశక్తిమంతుడు. 1987 నాటి స్టార్ ట్రెక్ కథ అది. క్యూ పెట్టిన ఆ కోర్టు అతని జాతిది కాదండీ. 21వ శతాబ్దంలో అణుయుద్ధాల తర్వాత భూమ్మీద మనుషులే పెట్టుకున్న ఓ ఘోరమైన కోర్టుకు నకలు. మనల్ని వెక్కిరించడానికి తెచ్చి చూపించాడు. వెక్కిరింతను నోట్సు రాసుకున్నారు మనవాళ్ళు.

ఐదోది: మనసు చదివే జాతులకు సాక్షులు అక్కర్లేదు. స్టార్ ట్రెక్ వాయేజర్ సీరియల్లో మారి అనే జాతి కథ ఉంది, 1997లో వచ్చింది. సంతలో ఎవడో ఢీకొడితే వాయేజర్ నౌక ఇంజినీరు టోరెస్‌కు ఒక్క క్షణం చాచి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ ఆలోచన ఇంకొకడికి అంటుకుని వాడు వేరేవాణ్ణి చితకబాదితే, అరెస్టయింది ఈమె. తీరా చూస్తే హింసాత్మక ఆలోచనలను చాటుగా అమ్ముకునే బ్లాక్ మార్కెట్ ఒకటి బయటపడుతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర సాయంత్రం 6 గంటలకు మన మనసుల్లో వచ్చే ఆలోచనలకు శిక్ష వేయడం మొదలుపెడితే చంచల్‌గూడ జైలు ఏ మూలకూ చాలదు. మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు చేయకూడదని మన సుప్రీంకోర్టు 2010లో ఊరికే అనలేదు.

నాలుగోది కాస్త ఆలోచించాల్సిన పాఠం. డాక్టర్ హూ సీరియల్లో కాలంలో ప్రయాణించే టైమ్ లార్డ్స్ అనే జాతి దగ్గర మేట్రిక్స్ అనే యంత్రం జరిగిందంతా రికార్డు చేస్తుంది, అందుకే అక్కడ అబద్ధం చెల్లదట. ఆ విచారణ కథ 1986లో 14 భాగాలుగా వచ్చింది. ఆ 14 భాగాల అసలు విషయమే మేట్రిక్స్ సాక్ష్యాన్ని మార్చేశారని! మార్చిన రికార్డుతో వాదించిన ప్రాసిక్యూటర్ ఎవరా అని చూస్తే, ముద్దాయిగా నిలబెట్టిన కథానాయకుడు డాక్టర్‌లోని చీకటికే రూపం వస్తే ఎలా ఉంటుందో అదే. వాయేజర్‌లోనే ఇంకోటి, 1995 నాటిది. చనిపోయినవాడి చివరి జ్ఞాపకాన్ని యంత్రంతో తీసి, అదే సాక్ష్యమని, ఆ నౌక పైలట్ టామ్ పారిస్‌కు శిక్ష వేశారు. 14 గంటలకోసారి ఆ చావును హతుడి కళ్ళతో వాడు మళ్ళీ అనుభవించాలి. ఆ జ్ఞాపకమూ దొంగదే అని తేలింది. మనకు కాపీ చేసి తెచ్చిన సీసీటీవీ ఫుటేజీకి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, పాత చట్టంలో 65బి. "వీడియో కళ్ళముందే ఉంది కదా, ఇంకా సర్టిఫికెట్ ఏంటి, టైమ్ వేస్ట్" అని క్లయింట్లు నన్ను తిడతారు. వీడియో వాళ్ళకు వ్యతిరేకంగా ఉన్నప్పుడు మాత్రం ఎవరూ తిట్టరు.

రెండోదీ ఎనిమిదోదీ కలిపి చెప్పాలి. రెండు: స్టార్ ట్రెక్‌లోని ఈడో జాతి గ్రహంలో ఏ తప్పుకైనా ఒకటే శిక్ష, మరణం. అందుకే అక్కడ నేరాలే లేవు. ఎనిమిది: అసలు ఇదంతా మన యమధర్మరాజు సభ నుంచి ఎత్తుకున్నదే. చిత్రగుప్తుడి చిట్టాలో తప్పుండదు, అప్పీలుండదు.

ఈడోలో ఉరికంబం దాకా వెళ్ళిన నేరస్థుడు ఎవరనుకున్నారు? ఓ కుర్రాడు. ఆడుకుంటూ బంతి పట్టుకోబోయి కొత్తగా నాటిన మొక్కల మీద పడ్డాడు. అంతే. ఆ చట్టం మా అపార్ట్‌మెంట్‌లో పెడితే క్రికెట్ ఆడే పిల్లల్లో ఒక్కడూ మిగలడు, ఈ మెసేజ్ గ్రూపులో పెట్టిన సెక్రటరీ గారి అబ్బాయితో సహా.

ఇక యముడి సంగతి. అప్పీలు లేదన్నాయన ఆదిపర్వం తెరవలేదు. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు రాజుగారి సొత్తు తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. వెంటపడి వచ్చిన భటులు అడిగితే ఆయన నోరు విప్పలేదు. మాట్లాడలేదు కాబట్టి దొంగే అని శూలం మీద కొరత వేశారు. తర్వాత రాజు తప్పు తెలుసుకుని కాళ్ళ మీద పడ్డాడు కానీ, శూలం బయటికి రాలేదు. కోసి తీస్తే మొన ఒంట్లోనే ఉండిపోయింది. అందుకే ఆయనకు అణిమాండవ్యుడని పేరు. ఆయన తిన్నగా యముడి దగ్గరికే వెళ్ళి, ఏ పాపానికి నాకీ శిక్ష అని నిలదీశాడు. చిన్నప్పుడు తూనీగలను పుల్లకు గుచ్చావన్నాడు యముడు. పసితనంలో తెలియక చేసినదానికి ఇంత శిక్షా అని, నువ్వు భూమ్మీద పుట్టు పొమ్మని శపించాడు. ఆ పుట్టినవాడే విదురుడు. అక్కడితో ఆగలేదు, 14 ఏళ్ళ లోపు చేసినది పాపం కిందికి రాదని కొత్త నియమం పెట్టాడు. అప్పీలు వేశాడు, గెలిచాడు, జడ్జిని కింది కోర్టుకు బదిలీ చేయించాడు. ఇంతకంటే ఏం కావాలి? మన పూర్వీకుల పేరు చెప్పేటప్పుడు వాళ్ళు ఏం చెప్పారో కొంచెం చూసుకోండి.

ఇప్పుడు అసలైన విషం. ఒకటో పాఠం, మూడో పాఠం.

మూడోది జుడూన్‌లు. ఖడ్గమృగం మొహాల అంతరిక్ష పోలీసులు. అరెస్టు, తీర్పు, శిక్ష అన్నీ అక్కడికక్కడే, ఎంత గొప్ప పద్ధతి అంటుంది మెసేజ్. 2007లో వచ్చిన ఆ డాక్టర్ హూ కథలో వాళ్ళు ఒక ఆసుపత్రిని పేషెంట్లతో సహా చంద్రుడి మీదికి ఎత్తుకుపోతారు. హడలిపోయిన ఒకాయన చేతికందిన పూలజాడీతో ఒక జుడూన్‌ను కొడతాడు. నేరం, దాడి. నేరం ఒప్పుకోలు, అయింది. శిక్ష, మరణం. మూడు ముక్కలూ జుడూనే చదివాడు, ఒప్పుకున్నట్టు కూడా వాడే చెప్పాడు. మనిషి బూడిద. గొప్ప పద్ధతే మరి. సమన్ల ఖర్చు కూడా లేదు.

ఒకటోది కార్డాసియా. డీప్ స్పేస్ నైన్ అనే స్టార్ ట్రెక్ సీరియల్లో 1994 నాటి కథ. అక్కడ విచారణకు ముందే తీర్పు ఖాయం, దోషి అని. ఎప్పుడు చంపాలో తేదీ కూడా ఖాయం. కోర్టు పని ఆ నేరం ఎలా రుజువైందో ప్రజలకు టీవీలో చూపించడమే. అందుకే కేసులు పేరుకుపోవు! భార్యతో సెలవు మీద వెళ్తున్న ఓబ్రయన్ అనే అంతరిక్ష కేంద్రం ఇంజినీరును పట్టుకొచ్చి, నేరమేమిటో చెప్పకుండానే గుర్తింపు కోసమని దవడపన్ను పీకేస్తారు. డిఫెన్సు లాయర్ కోవాట్ అని ఓ ముసలాయన, పరమ మర్యాదస్థుడు. రాజ్యం గొప్పతనాన్ని ఒప్పుకుని హాయిగా చావమని ముద్దాయికి నచ్చజెప్పడమే ఆయన డ్యూటీ. చివర్లో గుట్టంతా బయటపడుతుంది. ఓబ్రయన్ మీద పెట్టిన సాక్ష్యమంతా అల్లినది, మనిషి మొహం పెట్టించుకున్న కార్డాసియన్ ఏజెంటు ఒకడు చేసిన పని. జడ్జి గత్యంతరం లేక విడుదల చేస్తుంది. జీవితంలో మొదటిసారి కేసు గెలిచిన కోవాట్‌కు వణుకు పుడుతుంది, ఇక తనను బతకనివ్వరని.

దీన్ని చూసి "ఇలాంటి కోర్టు మనకూ కావాలి" అనుకున్న మనిషికి నేను ఏం చెప్పాలి?

కావాలనుకున్నాం, అదే బాధ. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక వైద్యురాలికి జరిగిన ఘోరం ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. నాకూ ఆడపిల్ల ఉంది, ఆ వారం నేనూ సరిగా నిద్రపోలేదు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. ఎదురుకాల్పుల కథ నమ్మేలా లేదంది, 10 మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని తేల్చింది. వాళ్ళు ఏమీ చేయలేదని నేననడం లేదు. ఏ కోర్టూ తేల్చకముందే పోయారు, ఇక తేలదు. పూలు చల్లిన చేతులే ఇప్పుడు ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నాయేమోనని నా అనుమానం.

"అయినా తప్పు చేయనివాణ్ణి ఎవరు పట్టుకుంటారండీ" అంటారు మా మామయ్య. 2007 డిసెంబర్‌లో విజయవాడ హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు, 2010లో శిక్ష పడింది. ఇక్కడే, మదీనా పక్కన మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు 2017 మార్చి 31న అతను నిర్దోషి అని చెప్పింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. కార్డాసియా అయ్యుంటే ఎనిమిదేళ్ళు ఆదా అయ్యేవి, నిజమే. మనిషి ఉండేవాడు కాదు, అంతే తేడా.

టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఈ మెసేజ్ మొదట పెట్టిన మిత్రుడికి ఒక రాత్రి గుర్తుచేస్తాను. పేరు రాయకపోతే సరే అన్నాడు, రాస్తున్నాను. మూడేళ్ళ కింద ఒంటిగంటకు ఫోన్ చేశాడు. "భాయ్, పోరగాణ్ణి తీస్కపోయిండ్రు. ఏం జేయలే అంటుండు. నువ్వు రావాలె." వెళ్ళేసరికి స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు వాడి కొడుకు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది, ఒళ్ళో ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్ నలిగిపోయి ఉంది. ఏదో గల్లీలో కొట్లాట జరిగితే అటుగా పోతున్న నలుగురినీ ఎక్కించుకొచ్చారు. గొడవ 10:50కి జరిగిందని ఎఫ్ఐఆర్. అదే సమయానికి అర కిలోమీటరు అవతల ఇరానీ హోటల్లో వీడు బిస్కెట్లు కొంటున్నాడు. జేబులో బిల్లు దొరికింది, దాని మీద 10:52 అని ఉంది. ఆ రాత్రి నా మిత్రుడు నన్ను కార్డాసియా పద్ధతి అడగలేదు. బెయిల్ అడిగాడు, లాయర్ని అడిగాడు, బిల్లు జాగ్రత్తగా పెట్టమన్నాడు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. మెసేజ్‌లోని 5 కోట్ల అంకె నిజమే, దాటింది కూడా. అందులో నా వాటా లేదని నేననను. ఫ్రాంక్ హెర్బర్ట్ 1977 నాటి నవలలో గోవాచిన్ అనే కప్పల జాతి ఉంటుంది. వాళ్ళ కోర్టులో ముద్దాయితో పాటు లాయరు, జడ్జి కూడా ప్రాణాలు పణంగా పెట్టే అడుగుపెడతారు. ఆ జాతి మెసేజ్‌లో లేదు గానీ, ఉండి ఉంటే నాకు నోరు పెగిలేది కాదు. ఫలానా సాక్షి రాలేదని, సీనియర్ వేరే కోర్టులో ఉన్నారని వాయిదా అడిగేటప్పుడు ప్రాణం మీదికొస్తుందంటే నేను ఎన్నిసార్లు అడిగేవాణ్ణో! (మా బార్‌లో ఈ మాట ఎవరికీ చూపించకండి.)

ఆ పిల్లాడి కేసు ఇంకా నడుస్తోంది, సిటీలో ఒక కోర్టులో. హోటల్ క్యాషియర్ వచ్చి ఆ బిల్లు మాదేనని చెప్పాలి. సమన్లు రెండుసార్లు తిరిగొచ్చాయి, ఆయన ఊరు మారాడు. రెండు వాయిదాలు నేను అడిగినవే. మొన్న ఫైలు తీస్తే ప్లాస్టిక్ కవర్లో బిల్లు కనిపించింది. ఆ మిషన్ల నుంచి వచ్చే నున్నటి కాగితం ఎలాంటిదో తెలుసు కదా. జిరాక్స్ తీసి పెట్టాను, దాని మీద అంతా చక్కగా కనిపిస్తుంది. ఒరిజినల్ మీద మాత్రం హోటల్ పేరు సగమే మిగిలింది. టైము ఉండాల్సిన చోట తెల్లగా ఉంది.