విదేశీ విద్యార్థికి వేరే భవనం

చైనాలోని పెద్ద విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో తరచుగా 'లియూషుయెషెంగ్ లౌ' అనే భవనం ఒకటి కనిపిస్తుంది. విదేశీ విద్యార్థుల వసతి గృహమని దాని అర్థం. స్థానిక విద్యార్థులు నలుగురో ఆరుగురో ఒకే గదిలో సర్దుకుని, పైన పడక, కింద బల్ల ఉన్న ఇనుప మంచాల మధ్య నాలుగేళ్లు గడుపుతుంటే, ఈ భవనంలో గదికి ఒకరో ఇద్దరో ఉంటారు. చాలాచోట్ల రాత్రి పదకొండు దాటాక చైనా విద్యార్థుల గదుల్లో దీపాలు ఆరిపోతాయి. ఇక్కడ మాత్రం వెలుగుతూనే ఉంటాయి. గుమ్మం దగ్గర కౌంటరులో కూర్చున్న ఉద్యోగిని, లోపలికి వచ్చే బయటివాళ్ల పేర్లు రాసుకుంటుంది. అతిథికి లోటు రాకూడదన్న మర్యాద, అతిథి మీద ఒక కన్నేసి ఉంచాలన్న జాగ్రత్త కలిసి కట్టించిన భవనమిది. చైనాలో విదేశీ విద్యార్థి అనుభవించే సౌకర్యమూ, అతడు పోగొట్టుకునే అసలు చదువూ రెండూ ఆ గుమ్మం దగ్గరే మొదలవుతాయని నా అభిప్రాయం.

మొదట్లో పద్ధతి ఇలా లేదు. కొత్త చైనా ఏర్పడిన మరుసటి సంవత్సరం, 1950లో, తూర్పు ఐరోపా దేశాల నుంచి 33 మంది విద్యార్థులు బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి వచ్చారు. వాళ్లకోసం ప్రత్యేకంగా పెట్టిన తరగతిలో నేర్పింది చైనీస్ భాష. 1952లో ఆ తరగతిని పెకింగ్ విశ్వవిద్యాలయానికి మార్చారు. ఆ పని పెరిగి పెద్దదై, 1962లో దానికోసమే ఒక విద్యాసంస్థ వెలిసింది. ఇప్పుడు దాన్ని బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం అంటున్నాం. ముందు భాష, ఆ తర్వాతే ఇంజినీరింగో చరిత్రో అన్నది అప్పటి నియమం. వచ్చినవాళ్లు కొద్దిమందే కాబట్టి ఆ నియమాన్ని పాటించడం కష్టం కాలేదు.

సంఖ్యల మీద మోజు తర్వాత వచ్చింది. 2020 నాటికి విదేశీ విద్యార్థుల సంఖ్యను ఐదు లక్షలకు చేర్చాలని చైనా విద్యాశాఖ 2010లో లక్ష్యం పెట్టుకుంది. 2018లో 196 దేశాలు, ప్రాంతాల నుంచి 4,92,185 మంది చేరడంతో ఆ లక్ష్యం దాదాపు అందివచ్చింది. ఆ ఏడాది దక్షిణ కొరియా, థాయిలాండ్, పాకిస్థాన్ తర్వాత నాలుగో స్థానంలో 23,198 మందితో భారత్ నిలిచింది. వీళ్లందరినీ చైనా ప్రభుత్వమే పోషిస్తోందన్న నమ్మకం మన దగ్గరే కాదు, అక్కడి ఇంటర్నెట్‌లోనూ బలంగా ఉంది కానీ, నిజానికి ప్రభుత్వ ఉపకార వేతనం అందుకున్నవారు 63,041 మందే, అంటే నూటికి పదమూడు మందికి మించరు. మిగతావాళ్లు వేరే దారులు చూసుకున్నవాళ్లే. మనవాళ్లలో అత్యధికులు ఎంబీబీఎస్‌కు సొంత డబ్బుతో వెళ్లినవాళ్లు. చైనీస్ నేర్చుకున్నాకే చదువు అని పట్టుబడితే వాళ్లలో చాలామంది విమానం ఎక్కేవాళ్లు కాదు. అందుకే ఇంగ్లీషు మాధ్యమం కోర్సులు పుట్టుకొచ్చాయి. భాషా నియమాన్ని పక్కకు నెట్టింది ఈ కోర్సులే.

ఇంగ్లీషు మాధ్యమంలో వైద్యవిద్య ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. తొలి సంవత్సరాల్లో తరగతి గదినిండా విదేశీయులే ఉంటారు. చైనా విద్యార్థులు అదే పాఠాన్ని పక్క భవనంలో తమ భాషలో వింటారు. సాయంత్రం మనవాడు వసతి గృహానికి వచ్చి, వార్డెన్ కంటపడకుండా దాచుకున్న రైస్ కుక్కర్‌లో అన్నం వండుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయతో తిని పడుకుంటాడు. క్యాంటీన్‌కు వెళ్లినా టమాటా, కోడిగుడ్డు వేపుడు దాటి ముందుకు పోడు. అలా మూడేళ్లు చైనాలోనే ఉండి కూడా చైనాతో పనిలేకుండా గడపవచ్చు. చిక్కంతా నాలుగో ఏడు ఆస్పత్రి వార్డులో అడుగుపెట్టినప్పుడు వస్తుంది. అక్కడ రోగి మాట్లాడేది చైనీస్, కేస్ షీటు ఉండేది చైనీస్‌లో, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గబగబా చెప్పుకుపోయేదీ చైనీస్‌లోనే.

నొప్పి సంగతే తీసుకుందాం. గుంటూరులో ఒక రైతు 'సలుపుగా ఉంది' అంటే ఒక అర్థం, 'పోటు పెడుతోంది' అంటే మరో అర్థం, 'లాగుతోంది' అంటే ఇంకొకటి. ఆ తేడా పట్టుకోగల డాక్టరుకు రోగ నిర్ణయం సగం అయిపోయినట్టే. చైనా రోగి కూడా అంతే. ఉబ్బరంగా నొప్పి ఉంటే 'జాంగ్‌థుంగ్' అంటాడు, మెలిపెడుతుంటే 'జియావ్‌థుంగ్' అంటాడు, లోలోపల సన్నగా ఉంటే 'యిన్‌థుంగ్' అంటాడు. పైగా వృద్ధులు చాలామంది ప్రామాణిక భాషలో కాకుండా తమ ప్రాంతపు యాసలో చెబుతారు. ఇంగ్లీషు మాధ్యమం విద్యార్థులు కూడా పట్టా పొందేనాటికి హెచ్‌ఎస్‌కే భాషా పరీక్షలో నాలుగో స్థాయి అందుకోవాలని చైనా విద్యాశాఖ 2018లో తెచ్చిన నాణ్యతా ప్రమాణాలు చెబుతున్నాయి. చాలాకాలంగా నడుస్తున్న పద్ధతిలో ఆ స్థాయికి 1,200 పదాలు సరిపోతాయి. బజారులో కూరగాయలు బేరమాడడానికి అవి ధారాళంగా చాలు. గుండెనొప్పికీ గ్యాస్ నొప్పికీ తేడా రోగి నోట రాబట్టడానికి చాలవు.

బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో విడుదల చేసిన సూచనల్లో ఒక లెక్క ఉంది. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి, మన దేశంలో ప్రాక్టీసుకు అవసరమైన ఎఫ్‌ఎంజీ పరీక్ష రాసినవారు 40,417 మంది కాగా, గట్టెక్కినవారు 6,387 మంది మాత్రమే. నూటికి పదహారు. దీనికి భాష ఒక్కటే కారణమనడం అన్యాయం. వెళ్లినవారి పూర్వ చదువు స్థాయి, కళాశాలల మధ్య తేడా, కోర్సు ముగిశాక సన్నద్ధతకు దొరికే సమయం వంటివి కూడా లెక్కలోకి వస్తాయి. అయినా, వార్డులో రోగిని ముట్టుకుని నేర్వాల్సినదాన్ని పుస్తకంలో బట్టీపట్టి వచ్చిన విద్యార్థి ఆ పరీక్షలో తడబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కొవిడ్ కాలం ఈ బలహీనతను బట్టబయలు చేసింది. 2020 మార్చి 28 నుంచి విదేశీయులకు తలుపులు మూసుకున్న చైనా, మన విద్యార్థులకు మళ్లీ వీసాలు ఇవ్వడం 2022 ఆగస్టులో కానీ మొదలుపెట్టలేదు. ఆ రెండేళ్లకు పైగా వైద్యవిద్యను ఫోన్ తెరల మీద చదివిన పిల్లలు మన జిల్లాల్లోనూ ఉన్నారు.

విదేశీ, స్థానిక విద్యార్థుల మధ్య ఉన్న ఈ గోడ సంగతి చైనా అధికారులకు తెలియక కాదు. 2018 నాటి ఆ ప్రమాణాల్లోనే, విదేశీ విద్యార్థుల నిర్వహణను స్థానిక విద్యార్థుల నిర్వహణకు దగ్గర చేయాలన్న సూత్రం కూడా ఉంది. ఆచరణలో అది ఎంత వికృతంగా మారగలదో మరుసటి ఏడాది షాన్‌డాంగ్ విశ్వవిద్యాలయం చూపించింది. అక్కడ 47 మంది విదేశీ విద్యార్థులకు 141 మంది చైనా విద్యార్థులను, అంటే ఒక్కొక్కరికి ముగ్గుర్ని, 'చదువు తోడు'గా కేటాయించారని 2019 జులైలో బయటపడింది. తోడుగా చేరేవారి దరఖాస్తులో, ఆడపిల్లలైతే విదేశీ మగ స్నేహితులు, మగపిల్లలైతే విదేశీ ఆడ స్నేహితులు కావాలని ఎంచుకునే గడి కూడా ఉండడంతో చైనా సామాజిక మాధ్యమాలు భగ్గుమన్నాయి. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ కోపంలో జాత్యహంకారపు పాలు లేకపోలేదు. కానీ ఆరుగురు కుక్కుకుని ఉండే గదిలో నుంచి ఎదుటి భవనంలోని ఇద్దరి గదిని నాలుగేళ్లు చూసిన కుర్రాడి ఉక్రోషం కూడా అందులో ఉంది. వేరు పెట్టి, ఆ తర్వాత తోడు పంపడం కన్నా మొదటే కలిపి కూర్చోబెట్టడం తేలిక.

కలిపి కూర్చోబెట్టిన చోటు లేకపోలేదు. పరిశోధక విద్యార్థుల ప్రయోగశాలలు అలాంటివి. ప్రభుత్వ ఉపకార వేతనం మీద పీహెచ్‌డీకి వెళ్లినవారికి నెలకు 3,500 యువాన్లు, వసతి ఇస్తారు. డబ్బు కంటే విలువైనదేమిటంటే, వాళ్లకు ప్రత్యేక తరగతి ఉండదు. ఒకే గైడు, ఒకే పరికరం, సందేశాల యాప్ వీచాట్‌లో ఒకే గ్రూపు. పేపరు ఇంగ్లీషులోనే రాస్తారు గానీ, వారంవారం జరిగే సమావేశం చైనీస్‌లోకి జారిపోతుంది. ముందు చేరిన సీనియరును అక్కడ 'షీషియుంగ్' అంటారు. ఒకే గురువు దగ్గర ముందు చేరిన అన్న అని అర్థం. ఆడపిల్లైతే 'షీజియె', అక్క. మన విశ్వవిద్యాలయాల్లో సీనియర్లను అన్నా, అక్కా అని పిలవడానికి అలవాటుపడ్డ తెలుగు కుర్రాడికి ఈ వరస ఎవరూ నేర్పనక్కర్లేదు. పరికరం మొరాయిస్తే అర్ధరాత్రి ఫోన్ చేయదగినది షీషియుంగ్‌కే. అక్కడ భాష దానంతటదే వస్తుంది, అవసరం తరుముతుంది కాబట్టి.

విద్యా వినిమయం అన్న మాటకు మన నేల మీదే పాత ఉదాహరణ ఉంది. ఏడో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. బౌద్ధంలోని మహాసాంఘిక శాఖకు చెందిన ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్త్వశాస్త్రం చదివాడు. ఆ ఇద్దరూ అతడి దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదీ. ఇప్పటి రాకపోకలు ఒకవైపు ప్రవాహమే. మన విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వచ్చే చైనా విద్యార్థులు ఎక్కడో ఒకరు కనిపిస్తారు. మన రామాయణాన్ని చైనీస్‌లోకి తెచ్చిన పెకింగ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చీ షియెన్‌లిన్ కూడా సంస్కృతం నేర్చింది జర్మనీలో. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆయన్ను విశ్వవిద్యాలయంలో కాపలా పనికి పెడితే, ఆ గుమ్మం దగ్గర కూర్చునే వాల్మీకి శ్లోకాలను అనువదించుకున్నాడు. భారత ప్రభుత్వం 2008లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

భారత్, చైనా మధ్య 2020లో ఆగిన నేరు విమానాలు 2025 అక్టోబరు చివర మళ్లీ మొదలయ్యాయి. దాంతో కన్సల్టెన్సీల బోర్డులు విజయవాడలో, హైదరాబాద్‌లో మళ్లీ కళకళలాడుతున్నాయి. 'భారతీయ మెస్ ఉంది, మనవాళ్లే వందమంది ఉన్నారు' అన్నది వాళ్ల ప్రధాన ఆకర్షణ. తల్లిదండ్రులు ఊరట చెందేదీ ఆ మాటకే. నిజానికి భయపడాల్సింది దానికే. జాతీయ వైద్య కమిషన్ 2021 నియమాల ప్రకారం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి కావాలి. కాబట్టి ఫీజు కట్టేముందు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. మొదటి ఏడాది వారానికి ఎన్ని గంటలు చైనీస్ నేర్పుతారు? ఇంటర్న్‌షిప్‌లో పిల్లవాడు రోగితో తానే మాట్లాడతాడా, లేక గుంపు వెనక నిలబడి చూస్తాడా? ఈ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు అడిగి చూడండి.