గుట్టు తెలిశాక మిగిలేది

'మిస్సమ్మ' (1955)లో అక్కినేని వేసిన రాజు తానొక గొప్ప డిటెక్టివ్‌నని నమ్మే కుర్రాడు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతుర్ని కనిపెట్టడం అతని పని. ఆధారం కాలి మీది పుట్టుమచ్చ. ఆ అమ్మాయేమో కళ్లెదుటే ఉంది. తనది కాని పేరుతో, లేని మొగుణ్ని పక్కన పెట్టుకుని, జమీందారు బడిలోనే పంతులమ్మగా పనిచేస్తోంది. పాటలనీ వెన్నెలనీ కాసేపు పక్కన పెట్టి చూడండి. దొంగ వివరాలతో ఉద్యోగం, గుట్టు తెలిసినా నోరు మెదపని దేవయ్య, అప్పు పేరుతో ఎక్కడ ప్రత్యక్షమవుతాడో తెలియని డేవిడ్, ముక్కు కింద ఉన్నదాన్ని ఊరంతా వెతికే పరిశోధకుడు. అన్నిటికీ మించి, తానెవరో తనకే తెలియని కథానాయిక. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు నవలాకారుడి చేతికి ఈ సరంజామా ఇస్తే రెండు శవాలతో మూడొందల పేజీలు రాసేవాడు.

హాస్యచిత్రాలకూ గూఢచారి నవలలకూ మనం వేర్వేరు అరలు కేటాయించాం గానీ, లోపలి యంత్రం ఒకటే. ఒకరెవరో వేషంలో ఉంటారు, ఆ సంగతి ఇంకొకరికి తెలియకూడదు. బయటపడితే పోయేది పరువా, ప్రాణమా అన్నదే తేడా. అందుకే ఈ రెండింటి దగ్గరికీ మళ్లీ వెళ్లినప్పుడు జరిగేది కూడా ఒకటే. మొదటిసారి మనం మోసపోయేవాళ్ల పక్షం. రెండోసారికి మోసం చేసేవాళ్లతో కలిసిపోతాం. అలా పక్షం మారాక కూడా మనతో మాట్లాడగలిగినవే నిలుస్తాయి. మనల్ని ఒకసారి బురిడీ కొట్టించడం తప్ప ఇంకేమీ తెలియనివి, ఎంత ఇష్టపడి దాచుకున్నవైనా, చేతిలో చప్పబడిపోతాయి. పాత ఇష్టాలను మళ్లీ తిరగేయడాన్ని ఊరికే జ్ఞాపకాల మీద మోజు అనుకుంటాం గానీ, అంతకన్నా కఠినమైన విమర్శ ఇంకోటి లేదు.

'మాయాబజార్' (1957) తొలిసారి చూసినప్పుడు కూడా మనల్ని మోసం చెయ్యదు. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని ముందే చెప్పేస్తుంది. కె.వి.రెడ్డి మొదటి ఆటకే మనల్ని ముఠాలో చేర్చుకున్నాడు. ఆ తర్వాత సావిత్రి చేసేదంతా, గూఢచారుల పరిభాషలో, 'కవర్' (పైకి చూపే దొంగ గుర్తింపు) జారిపోతూ మళ్లీ సర్దుకోవడమే. పెళ్లిపాటలో ఆడగొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరినప్పుడు నడక మారుతుంది, చూపు మారుతుంది, అంతలోనే సిగ్గు మళ్లీ ముఖం మీదికి వస్తుంది. ఎస్వీ రంగారావు ఒళ్లు విరుపును సావిత్రి ఎక్కడెక్కడ అరువు తెచ్చుకుందో పట్టుకోవడం ఎన్నోసారి చూసినా తీరని సరదా. పాపం రేలంగి లక్ష్మణకుమారుడికి మాత్రం అది ఎప్పుడూ మొదటి ఆటే.

ఉత్కంఠ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ ఇదే సంగతిని బాంబుతో చెప్పాడు. బల్లకింద బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి చెప్పకుండా పేలిస్తే దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గరున్నవాళ్ల చేత మామూలు కబుర్లు చెప్పిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్‌వా ట్రూఫోతో ఆయన జరిపిన సంభాషణల్లోని ఈ మాట పాతదే. దాన్ని ఉత్కంఠకే పరిమితం చేసి చెప్పుకుంటూ వచ్చాం, అంతే. ఆ బాంబు స్థానంలో ఒక అబద్ధం పెడితే అదే పదిహేను నిమిషాలు నవ్వులవుతాయి. 2011లో కాలిఫోర్నియాలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు, ముగింపు ముందే చెప్పేసిన కథలను పాఠకులు ఇంకా ఎక్కువ ఇష్టపడ్డారని చూపించారు. తర్వాతి పరిశోధనలు కొన్ని ఆ ఫలితంతో ఏకీభవించలేదు. అందరికీ అన్ని కథల్లోనూ ఒకేలా ఉంటుందని నేనూ అనను. ఏ కథ అన్నదాన్ని బట్టే అంతా.

జాన్ లె కారే 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' (1974) అలాంటి కథ. బ్రిటిష్ గూఢచార సంస్థ శిఖరాన ఉన్న నలుగురిలో ఒకడు మాస్కో మనిషి. ఎవరో కనిపెట్టడానికి ఇంటికి పంపేసిన జార్జ్ స్మైలీని వెనక్కి పిలుస్తారు. (ఆ ఒకడి పేరు ఇక్కడ చెప్పను. యాభై ఏళ్లు దాటిన నవలే అయినా, తొలిసారి చదివే అదృష్టం ఇంకా మిగిలినవాళ్లు ఉంటారు.) మొదటిసారి చదివినప్పుడు ఆ పేరు కోసం పేజీలు పరిగెత్తిస్తాం. నవల మాత్రం ఒక బడి దగ్గర, వానలో కారవాన్ లాక్కుంటూ వచ్చిన జిమ్ ప్రిడో అనే కొత్త మాస్టారితో మొదలవుతుంది. అతణ్ని కిటికీలోంచి ఒక లావుపాటి ఒంటరి పిల్లవాడు గమనిస్తుంటాడు. తొలి పఠనంలో ఈ బడి గొడవేమిటని విసుగు పుడుతుంది, చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు కూడా. ముగింపు తెలిశాక మళ్లీ చదివితే గుండె అంతా ఆ బడి అధ్యాయాల్లోనే ఉందని తెలుస్తుంది. ఇది ద్రోహిని పట్టుకునే కథ కాదు, స్నేహితుడి చేతిలో వంచితుడైన మనిషి కథ. చివర్లో స్మైలీ కూడా ఇంచుమించు ఆ మాటే అనుకుంటాడు. ఆ ద్రోహి ఎవరో అందరికీ లోలోపల సగం తెలుసు, ఒప్పుకోవడమే ఎవరికీ చేతకాలేదు. బ్రిటిష్ విదేశీ గూఢచార సంస్థ ఎంఐ6లో ఉంటూ సోవియట్లకు పనిచేసిన కిమ్ ఫిల్బీ 1963లో మాస్కోకు జారుకున్నప్పుడు బ్రిటిష్ అధికార వర్గం ఎదుర్కొన్న ప్రశ్న కూడా అదే. లె కారే ఆ సంస్థలో పనిచేసి వచ్చినవాడే మరి.

ఈ నవలను బీబీసీ 1979లో ధారావాహికగా తీసింది. మొదటి దృశ్యంలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వచ్చి కూర్చుంటారు, మాటల్లేవు. తొలిసారి అది ఏమీ జరగని దృశ్యం. రెండోసారి ఆ నడకల్లో, ఫైలు పట్టుకునే తీరులో, టీకప్పు మీద సాసర్ మూతపెట్టుకుని వచ్చే పద్ధతిలో నవలంతా కనిపిస్తుంది. స్మైలీగా వేసిందెవరు? అలెక్ గిన్నెస్. 1949లో 'కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్'లో ఒకే కుటుంబంలోని ఎనిమిది మందిగా కనిపించి నవ్వించిన హాస్యనటుడు. పాత్ర కోసం ఆయన ఎంఐ6 మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనానికి కూర్చుని, ఆ పెద్దమనిషి గ్లాసుతో చేసిన ఏదో చిన్న చేష్ట చూసి, విషం ఆనవాళ్లు వెతుకుతున్నాడా ఏమిటని తర్వాత లె కారేను అడిగాడట. మనిషిని బయటి చేష్టల నుంచి చదవడం హాస్యనటుడి విద్య. గూఢచారిదీ అదే విద్య. గిన్నెస్‌కు స్మైలీ అంత బాగా పట్టుబడటానికి ఇంతకన్నా కారణం వెతకనక్కర్లేదు.

పరీక్షలో తప్పినవీ చాలానే ఉన్నాయి. ఇయాన్ ఫ్లెమింగ్ 'కసీనో రాయల్' (1953)లో పేకాట బల్ల దగ్గరి అధ్యాయాలు ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తాయి. ఆడవాళ్ల గురించి బాండ్ అనుకునేవి మాత్రం చదువుతుంటే పక్కవాళ్లు చూస్తారేమోనని పేజీ తిప్పేయాలనిపిస్తుంది. జాతుల గురించి ఆ నవలల్లోని కొన్ని మాటలను 2023 పునర్ముద్రణల్లో మార్చారు. నాకది అంతగా నచ్చలేదు, పాత తప్పు పాత అచ్చులోనే కనిపించాలి. 'ది పార్టీ' (1968)లో ముఖానికి గోధుమరంగు పూసుకుని పీటర్ సెల్లర్స్ భారతీయుడయ్యాడు. ఒళ్లంతా నటించే అతని ప్రతిభకు నవ్వొస్తుంది, ఆ వేషానికి రాదు. మధుబాబు షాడో నవలల సంగతి వేరు. వాటిలో తర్వాతేమిటన్నదే ప్రాణం కాబట్టి తెలిసిపోయాక పట్టు సడలుతుంది. అయినా ఆ వేగం ఇప్పటికీ పేజీ తిప్పిస్తుంది, అది చిన్న విషయమేమీ కాదు.

నా వాదనకు లొంగనిది ఒకటుంది, ఒంటితో చేసే హాస్యం. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928)లో ఇంటి గోడ మొత్తం విరుచుకుపడితే, తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా బస్టర్ కీటన్ నిలబడ్డ చోటికి వచ్చి అతణ్ని బతికిస్తుంది. అక్కడ గుట్టు లేదు, వేషం లేదు. నిజంగానే పడిన గోడ అది. ఎన్నిసార్లు చూసినా చూసేవాడి భుజాలే ముడుచుకుంటాయి.

ఒకే భయం నుంచి నవ్వూ ఉత్కంఠా ఎలా చీలతాయో చూడాలంటే 1964కు వెళ్లాలి. పొరపాటున మొదలయ్యే అణుదాడి మీద ఆ ఏడాది రెండు అమెరికన్ సినిమాలు వచ్చాయి. సిడ్నీ లుమెట్ 'ఫెయిల్ సేఫ్' గంభీరంగా చెప్పింది. పీటర్ జార్జ్ రాసిన గంభీరమైన థ్రిల్లర్ 'రెడ్ అలర్ట్'ను అలాగే తీయబోయిన కుబ్రిక్, రాస్తున్నకొద్దీ సన్నివేశాలు నవ్వులాటగా మారుతున్నాయని గ్రహించి 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' చేశాడు. లుమెట్ సినిమా తక్కువదేమీ కాదు, కానీ ముగింపు తెలిశాక అందులో మిగిలేది బాధే. కుబ్రిక్ సినిమాలో ప్రతి అధికారీ తన వరకు తాను సవ్యంగానే మాట్లాడుతుంటాడు. మళ్లీ చూసినకొద్దీ భయపెట్టేది ఆ సవ్యతే.

రెండు అరల మధ్య గోడ పూర్తిగా కూలిపోయింది గ్రాహం గ్రీన్ 'అవర్ మ్యాన్ ఇన్ హవానా' (1958)లో. కూతురి ఖర్చుల కోసం గూఢచారి ఉద్యోగానికి ఒప్పుకున్న వాక్యూమ్ క్లీనర్ల వ్యాపారి వార్మోల్డ్, లేని ఏజెంట్లను సృష్టించి, క్లీనర్ భాగాలనే భారీ ఆయుధాలుగా బొమ్మలు గీసి లండన్‌కు పంపుతాడు. లండన్ నమ్ముతుంది. మరుసటి ఏడాది సినిమా తీస్తే వార్మోల్డ్ వేసింది కూడా గిన్నెసే. గ్రీన్ యుద్ధకాలంలో ఎంఐ6లో ఫిల్బీ కింద పనిచేశాడు. డబ్బు కోసం ఉత్తుత్తి నివేదికలు పంపే ఏజెంట్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. నవల వచ్చిన నాలుగేళ్లకు క్యూబాలో నిజంగానే సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. అసలు పోలిక అంతకన్నా తర్వాతిది. ఇరాక్ యుద్ధంపై 2016లో వెలువడిన చిల్‌కాట్ నివేదికలో, ఎంఐ6కు ఒక ఇన్ఫార్మర్ అందించిన రసాయనాయుధాల సమాచారం గురించి ఒక అనుమానం నమోదైంది. గాజుపాత్రల్లో విషవాయువన్న ఆ వర్ణన 'ది రాక్' అనే హాలీవుడ్ సినిమాను పోలి ఉందని.

ఆ తర్వాత గ్రీన్ నవల చివరి పేజీలు చదివితే రుచి మారిపోయింది. మోసం బయటపడింది, వార్మోల్డ్‌ను లండన్‌కు రప్పించారు. శిక్షిస్తే తామెంత మూర్ఖులో లోకానికి తెలిసిపోతుంది. అందుకని అధికారులు సమావేశమై, అతనికో బిరుదు ఇప్పించి, విదేశాల్లో గూఢచార కేంద్రం నడపడమెలాగో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తారు.