23 మేకులూ ఒక చరిత్ర పరిశోధకుడూ

ముందే ఒక మాట, నేను నిధుల వేటగాణ్ణి కాదు, చరిత్ర పరిశోధకుణ్ణి. మెటల్ డిటెక్టర్ చేత పట్టిన ప్రతివాడూ ఇదే అంటాడు, నేను మాత్రం నిజంగానే అంటున్నా. పాత నాణేలు, సైనికుల చొక్కా గుండీలు, సీసం బుల్లెట్లు, ఇవే నా సబ్జెక్టు. నిన్న ఆరు గంటల పరిశోధనలో బయటపడ్డవి ఇవి: మేకులు 23, కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు 11, గడ్డి కోసే మిషను కింద పడి నుజ్జయిన డబ్బా ఒకటి, అదీ తొమ్మిది గుంతల్లో తొమ్మిది ముక్కలుగా. ఇంట్లోవాళ్ళు దీన్ని పాత ఇనప సామాను అంటున్నారు, పరిశోధన విలువ వాళ్ళకేం తెలుస్తుంది లెండి.

చెత్త నేలలో దిగిన కొత్తవాళ్ళు మొదట చేసే పని డిస్క్రిమినేషన్ (ఫలానా లోహాలకి మోగొద్దని డిటెక్టర్‌కి చెప్పే సెట్టింగు) పెంచేయడం, ఇక ఇనుము మీద కాయిల్, అదే నేల మీద ఊపే గుండ్రటి భాగం, తిరిగినా మిషను నోరెత్తదు, ఎంత ప్రశాంతంగా ఉంటుందో. కాకపోతే మేకు పక్కనే నాణెం ఉందనుకోండి, మేకుతో పాటు అదీ గల్లంతు. పైగా తుపాకీ మొనకి తగిలించే కత్తి బాయొనెట్టూ ఇనుమే, ఫిరంగి గుండు ముక్కా ఇనుమే, మిలిటరీ సామాను కావాలి గానీ ఇనుము వద్దు అనడం ఈత నేర్చుకుంటా గానీ నీళ్ళలో దిగను అన్నట్టుంటుంది.

సరే ఇనుమే నయం, మొహం మీదే తిట్టే రకం. అసలు దొంగ అల్యూమినియం. డబ్బా నుంచి పూర్తిగా ఊడొచ్చే రింగులు 1960ల్లో మొదలయ్యాయి, 1975లో డబ్బాకే అతుక్కుని ఉండే రకం వచ్చింది, ఈ మధ్యలో జనం తాగి విసిరేసినవన్నీ పనిగట్టుకుని నాకోసమే దాచినట్టున్నారు. బంగారు ఉంగరం, ఇత్తడి గుండీ, సీసం బుల్లెట్, ఈ దిక్కుమాలిన రింగు, స్క్రీన్ మీద అన్నీ ఆ చుట్టుపక్కల నంబర్లే చూపిస్తాయి. ఎందుకంటే వస్తువులో కరెంటు ఎంత బాగా పారుతుంది, సైజెంత, షేపేంటి, మిషనుకి తెలిసేది అంతే, బంగారం అంటే దానికి ప్రత్యేక భక్తేమీ లేదు.

దీనికి మందు చిన్న కాయిల్, నత్తనడక. చిన్న కాయిల్ కింద ఒకేసారి తక్కువ చెత్త పడుతుంది కాబట్టి దేనికది విడిగా చెప్తుంది, లోతు తగ్గుతుందనుకోండి. ఇటునుంచి ఊపితే వెండి నాణెంలా పాడేది, 90 డిగ్రీలు తిరిగి ఊపితే వంకర మేకులా గరగరమంటుంది. ఇది తెలిసి కూడా తవ్వుతాం, ఆ విషయం ఇక్కడ చర్చించను. (పేలని గుండులా ఏదైనా కనిపిస్తే మాత్రం పరిశోధన బంద్, ముట్టుకోకుండా దూరం జరిగి పోలీసులకి చెప్పండి. పాతబడిపోయానని దానికి తెలీదు.)

ఇంత కష్టం నాకొక్కడికేనా అనుకునేవాణ్ణి. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన బుల్లెట్ కోసం గ్రాహం బెల్ అంతటివాడు తన మిషను పట్టుకుని వెళ్తే, కింద పరుపులో ఉన్న ఇనప స్ప్రింగులు గోల పెట్టాయి. అంటే ఆయన సైటూ చెత్త సైటే. పైగా డాక్టరు కుడి పక్క మాత్రమే వెతకనిచ్చాడు, బుల్లెట్టేమో ఎడమ పక్కన. నాకూ అంతే, పర్మిషన్ ఈ పొలానికి దొరుకుతుంది, నాణేలు పక్క పొలంలో ఉంటాయి.

ఇంకొకాయన ఉన్నాడు, ఇంగ్లండులో హాక్సన్ అనే ఊళ్ళో 1992లో ఫ్రెండు పొలంలో పోయిన సుత్తి వెతికిపెడదామని డిటెక్టర్ పట్టుకెళ్తే దాదాపు 15,000 రోమన్ నాణేలు బయటపడ్డాయి. తర్వాత సుత్తీ దొరికింది, ఇప్పుడు అది కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. నేను నాణేల కోసం వెళ్తే ఇప్పటికి మూడు సుత్తులు దొరికాయి. ఎవరైనా పోగొట్టుకుని ఉంటే వచ్చి తీసుకెళ్ళండి, వస్తూ వస్తూ మీ పొలం ఎక్కడో కూడా కాస్త చెప్పండి.