సలహా చెప్పని పదిమంది కావలెను

రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నాడని 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు తేల్చారు. వాళ్లు తిరుపతి వచ్చి ఉంటే ఆ డాక్టర్లకు సన్మానం చేసేవారు. ఇక్కడ ‘‘నాకు షుగర్...’’ అని నోరు తెరవగానే ‘‘సామీ, మెంతులు నానబెట్టుకోని పొద్దున్నే తాగు’’ అని టీకొట్టు దగ్గరే వైద్యం ముగుస్తుంది.

అందుకే నెరేటివ్ మెడిసిన్‌ను, అంటే రోగి చెప్పుకునే కథను శ్రద్ధగా వినే విద్యను, ఆసుపత్రి గోడలు దాటించి మనకూ నేర్పాలని నా ప్రతిపాదన. కొలంబియా విశ్వవిద్యాలయంలో దీనికి 2000లో శ్రీకారం చుట్టిన రీటా షారన్ డాక్టరే, పైగా ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ. కథను చదివినంత శ్రద్ధగా రోగి మాట వినమంటారావిడ. మనమూ వింటాం, ఎదుటివాడు ఊపిరి తీసుకునేదాకా.

చదివి, రాసి, వినడం నేర్చుకునే ఈ కూటమికి మన కొర్లగుంటలో ఏ అపార్ట్‌మెంట్ మీటింగ్ హాలైనా చాలు. ఎనిమిది నుంచి పదిమంది, గంటన్నర. పన్నెండు మంది దాటితే సగం మందికి తాము రాసింది చదివే వంతు రాదు. ముఖ్య అతిథిగా డాక్టర్‌ను పిలవరాదు. పిలిస్తే అందరూ రిపోర్టులు తెస్తారు.

ముందు అరపేజీ కవితగానీ కథాభాగంగానీ ఇద్దరి గొంతుల్లో రెండుసార్లు చదివించాలి. చెబుతున్నది ఎవరు, ఎవరికి, ఏది చెప్పకుండా దాటేశారు అని ఇరవై నిమిషాలు మాట్లాడించాలి. అసోసియేషన్ ప్రెసిడెంట్ ‘‘ఇంతకీ నీతేంది?’’ అంటారు. టీ అందించండి.

తర్వాత రాయడం, ఐదే నిమిషాలు. పదిహేనిస్తే ‘‘నేటి ఆధునిక యుగంలో’’ అని మొదలవుతుంది. అసలు చిక్కు రాయమని ఇచ్చే అంశంతోనే. ‘మీ జబ్బు గురించి’ అంటే కొందరు మాత్రల పేర్లు దించుతారు, మిగతావాళ్లు పెన్ను మూస్తారు. అందుకని పక్కదారిన వెళ్లి ‘ఎదురుచూసిన చోటు’ అందామా, ఇది తిరుపతి! అందరూ కంపార్ట్‌మెంటే రాస్తారు. సర్వదర్శనమా, మూడొందల టికెట్టా అన్న రగడలో గంటన్నర హరీ. ‘ఎదురుచూస్తున్నప్పుడు మీ చేతిలో ఉన్న వస్తువు’ అనండి. స్కాన్ కవరు, ఫ్లాస్కు, ఇంకొకరి చెప్పులు అప్పుడు కాగితం మీదికి వస్తాయి.

రాసింది పైకి చదవడం ఇష్టమైతేనే. వినేవాళ్లు కాగితం మీద ఉన్నదాన్నే పట్టుకోవాలి: ‘‘మొదటి వాక్యంలో అమ్మ అన్నారు, తర్వాతంతా పేషెంట్ అన్నారు’’. అంతవరకే. ‘‘మా బామ్మర్దికీ ఇట్లే అయింది’’ నిషిద్ధం. ‘‘సూపర్’’ కూడా నిషిద్ధమే; ఒకరికి సూపర్ అన్నాక పక్కవాళ్లు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు.

ఇది చికిత్స కాదని, రాసిన కాగితం రాసినవాళ్లతోనే ఇంటికి పోతుందని మొదటే చెప్పాలి. ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చుంటే చాలు, మంచి మానసిక వైద్యుడి నంబరు అడిగితే ఇవ్వండి. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. తెల్లారేసరికి అందులో కాకరకాయ రసం వీడియో ఉంటుంది.