గమ్యం లేని రైలే మేలు

రైలు ప్రయాణంలో కష్టాలన్నిటికీ మూలం గమ్యం. ఎక్కడికో చేరాలనుకోవడం వల్లే ఆలస్యం పుట్టింది. ఆలస్యం నుంచి విచారణ కౌంటరు, కౌంటరు నుంచి తగాదా పుట్టాయి. ఈ చిక్కుముడి విప్పిన ఘనత మాత్రం ఆవిరి రైళ్ల మ్యూజియానిదే. అక్కడి బుల్లి రైలు తోట చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, ఎక్కినచోటే దింపుతుంది. జనం చప్పట్లు కొట్టి మరీ దిగుతారు. ఇదే పని మామూలు రైలు చేస్తే స్టేషన్ మాస్టరు గదికి అద్దాలు మిగలవు.

ఇదేదో ఇవాళ్టి ఆలోచన అనుకునేరు. రిచర్డ్ ట్రెవితిక్ అనే ఇంగ్లిషు ఇంజనీరు 1808లోనే లండన్‌లో గుండ్రంగా పట్టాలు పరిచి, చుట్టూ ఎత్తుగా దడి కట్టి, ఇంజనుకి ‘చేతనైతే పట్టుకో’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, టికెట్టు పుచ్చుకుని జనాన్ని తిప్పాడు. మెత్తటి నేలలో పట్టా విరిగి ఆట కట్టయిందిగానీ సిద్ధాంతంలో లోపం లేదు. ఆ తర్వాతే లోకం దారి తప్పింది. 1830లో లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్‌కి లైను వేసి జనానికి ‘చేరడం’ అనే దురలవాటు అంటగట్టారు. అక్కణ్నుంచి జరిగిందంతా మీకు తెలిసిందే.

పొదుపు సంగతికొస్తే, మామూలుగా ఆవిరి ఇంజను బొగ్గులో ఉన్న శక్తిలో పదోవంతు కూడా బండి లాగడానికి వాడదు. తక్కినదంతా ఆకాశానికి నైవేద్యం. పైగా బాయిలరు చల్లగా ఉంటే ఒక్క ఉదుటున మంట పెంచకూడదు, ఇనుము సమంగా సాగక పగుళ్లిస్తుంది. అందుకని ఫైర్‌మన్ తెల్లారకముందే లేచి, గంటల తరబడి నిప్పుని బుజ్జగిస్తాడు. ఎందుకూ? మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లకుండా ఉండటానికి. ఇంత నిస్వార్థ సేవ ఏ ప్రభుత్వ శాఖలోనూ చూడలేదు.

ఇక కుటుంబం. మ్యూజియాన్ని పిల్లల కోసం కట్టారన్నది నాన్నలు కష్టపడి కాపాడుకుంటున్న పుకారు. చూడండి, ఓ నాన్న ఇంజను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చక్రాల మీది కడ్డీలు ఒక్కొక్కటే చూపిస్తూ, 1844లో వాల్‌షార్ట్స్ అనే బెల్జియం ఇంజనీరు కనిపెట్టిన వాల్వ్ గేర్, అంటే సిలిండర్లోకి ఆవిరిని వదిలే, ఆపే కడ్డీల అమరిక గురించి చెబుతున్నాడు. “ఆ తెల్లగా కనిపించేది ఆవిరి కాదురా, ఆవిరి కంటికి కనబడదు. అది చల్లారిన నీటి తుంపర.” పిల్లాడు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. చూస్తున్నది పట్టా మీద చచ్చిన ఈగని లాక్కెళుతున్న చీమని. ఆ చీమకి గమ్యం ఉంది, పాపం. ఇంతలో సిలిండరు కింది గొట్టం బుస్సుమంది. పిల్లాడు అమ్మ చంకెక్కాడు, అమ్మ కంట్లో నలుసు పడింది, నాన్న మాత్రం సిలిండర్లో చేరిన నీళ్లని బయటికి వదిలే ఆ డ్రెయిన్ కాక్ ఎందుకు తెరుస్తారో చెప్పడం ఆపలేదు. పెద్దమ్మాయి కళ్లెదుటి ఇంజన్ని వీడియో తీసి, దానికి వీపు తిప్పి, అదే వీడియో చూసుకుంటోంది.

మరి తోట ఎందుకంటారా? ఇంగ్లండులోని బ్రెసింగ్‌హామ్‌లో ఎలన్ బ్లూమ్ అనే నర్సరీ యజమాని మొక్కలతో ఆగలేక 1960లలో ఆవిరి ఇంజన్లూ పోగేశాడు. పూలమడుల మధ్య పొగ వదిలే ఆ ధైర్యం మామూలుది కాదు. అక్కడి లాభం ఒక్కటే, ఇంజను గోల పడనివాళ్లు విడిపోవడానికి చోటు దొరుకుతుంది. గేటు దగ్గర చీలిన కుటుంబం టాయిలెట్ల క్యూలో మళ్లీ కలుస్తుంది. ఈలోపు బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకున్న బామ్మగారికే టికెట్టు పూర్తిగా కిట్టుబాటైంది.

కాబట్టి నా ప్రతిపాదన: దేశంలోని రైలు మార్గాలన్నిటినీ వంచి కొసలు కలిపేయాలి. టైంటేబుల్ ఒక్క పేజీలో అయిపోతుంది. దిగాల్సిన స్టేషన్ దాటిపోవడం అసాధ్యం. ఉద్యోగులు ఒప్పుకోరని కొందరి భయం. వాళ్లు మాత్రం పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇంటికేగా చేరేది? మధ్యలో ఆఫీసు హాల్టు ఎత్తేస్తున్నాం, అంతే.