‘నవల్లో ఇలా లేదు’ గారికి బహిరంగ లేఖ

అయ్యా ‘నవల్లో ఇలా లేదు’ గారూ,

నెపోలియన్ కాలపు బ్రిటిష్ సైనికుడు షార్ప్ మీద వచ్చిన నవలల్ని టీవీకెక్కించిన ‘షార్ప్’ సిరీస్‌ను హైదరాబాద్‌లో ఎవరింట్లో పెట్టినా పిలవని చుట్టంలా తమరు హాజరు. టైటిల్స్ అయ్యేలోపే అందుకుంటారు: “నవల్లో అతని జుట్టు నలుపు!” నలుపే, కాదనం. ఆ వేషానికి మొదట తీసుకున్నది పాల్ మెక్‌గాన్‌ని. క్రిమియాలో షూటింగ్‌కు వెళ్లి, ఫుట్‌బాల్ ఆడి మోకాలు పాడుచేసుకున్నాడు. అలా నల్లజుట్టు లేని షాన్ బీన్ వచ్చాడు. రచయిత బెర్నార్డ్ కార్న్‌వెల్ ఆ తర్వాత ఒక నవలను ఏకంగా బీన్‌కే అంకితమిచ్చాడు. కన్నతండ్రికే లేని పట్టింపు తమకెందుకో గానీ, 1993 నుంచీ ఆ జుట్టు వదల్లేదు.

‘షార్ప్స్ గోల్డ్’ విషయంలో మాత్రం తమ మాటకు తిరుగులేదు. 1810లో పోర్చుగల్‌లోని అల్మీదా కోట మందుగుండు కొట్టు పేలిపోవడం ఆ నవలకు ప్రాణం. తెర మీద ఆ పేలుడు లేదు గానీ ఎక్కడో పాత మెక్సికో జనాల అజ్‌టెక్ పూజలున్నాయి. దాన్ని ఎంత తిట్టినా మేం అడ్డురాం. పటాలం అని చెప్పి పిడికెడు మందిని చూపిస్తారన్నదీ న్యాయమైన ఫిర్యాదే. బడ్జెట్ అంతే.

అసలు తప్పు పట్టాల్సిన చోటేమో ఈల వేస్తారు. ‘షార్ప్స్ ఈగల్’లో షార్ప్ సిపాయిలకు నిమిషానికి మూడు గుండ్లు కాల్చడం నేర్పుతాడు చూడండి, అక్కడ. తూటా కాగితం పళ్లతో కొరకడం, గొట్టంలో మందు పోయడం, నోట్లోని గుండును అందులోకి ఉమ్మడం, తుపాకీ మడమను నేలకేసి ఒక్క తట్టు తట్టడం. దట్టించే కడ్డీతో పనే లేదు. మస్కెట్‌లో, అంటే నున్నటి గొట్టమున్న పాత తుపాకీలో, ఇది జరిగే పనే. గొట్టం వెడల్పు 0.75 అంగుళం, గుండు 0.69, ఆ సందులోంచి గుండు జారిపోతుంది. అదే సందు కొంప ముంచుతుంది కూడా. కోటగోడ మీంచి కిందికి గురిపెడితే గుండు జారి బయటపడొచ్చు. నాలుగైదు సార్లు కాల్చాక లోపల మసి పేరుకుంటుంది, గుండు మధ్యలోనే ఇరుక్కుంటుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం పగిలే ప్రమాదముంది.

షార్ప్ భుజానున్న బేకర్ రైఫిల్‌తో ఆ తట్టుడు సాగదు. దాని గొట్టంలో మెలితిరిగిన ఏడు గాడులుంటాయి. గుండు వాటిని పట్టుకుంటూ రావాలి కాబట్టి కొవ్వు రాసిన తోలుముక్కలో చుట్టి, కడ్డీతో బిగించి దట్టించాలి. మొదట్లో గుండు దిగగొట్టడానికి చిన్న చెక్కసుత్తులు కూడా ఇచ్చారు. గురి పెరిగింది, వేగం తగ్గింది. దీని గురించి తమరు నోరెత్తగా ఎవరూ వినలేదు.

ఇక మన ఊరి సంగతి. 2006లో వచ్చిన ‘షార్ప్స్ చాలెంజ్’ ఇండియా నవలల్లోని డాడ్ అనే ద్రోహిని తెచ్చుకుని, కథను 1817కి జరిపింది, లేని కోటనొకదాన్ని కట్టింది. తమరు మండిపడ్డారు. బాగుంది. మరి ‘షార్ప్స్ టైగర్’ నవల చరిత్రను ఏం చేసిందని ఎప్పుడైనా అడిగారా? 1799లో టిప్పును కాల్చిందెవరో చరిత్రకు తెలియదు. నవల్లో ఆ ఘనత షార్ప్‌ది. షార్ప్ పనిచేసిన 33వ రెజిమెంట్ శ్రీరంగపట్నం దండయాత్రలో ఎవరి సైన్యానికి తోడుగా నడిచింది? నిజాం సైన్యానికి. ఏ గొడవలోనైనా ఈ ముక్క తమ నోట వచ్చిందా?

1803 సెప్టెంబర్ 23న మరాఠాలతో బ్రిటిష్‌వాళ్ల అస్సాయే యుద్ధం. హైదరాబాద్ దళాన్ని నడిపిస్తున్న బ్రిటిష్ కర్నల్ స్టీవెన్సన్ మర్నాటికి గానీ చేరలేదు. “దారిలోనే ఉన్నాం భాయ్” అన్న మాట అప్పటినుంచే ఉందేమో. కానీ ఆ డిసెంబర్‌లో మరాఠాల కొండకోట గవిల్‌గఢ్ దగ్గర అదే దళం కొండల్లో బాట వేసుకుంటూ, పెద్ద ఫిరంగులను ఉత్తరం వైపుకు లాక్కెళ్లింది. 15న లోపలి కోటకు నిచ్చెన వేసి ఎక్కింది 94వ రెజిమెంట్ కెప్టెన్ క్యాంప్‌బెల్ మనుషులు. ‘షార్ప్స్ ఫోర్ట్రెస్’లో ఆ దారి చూపించేది ఎవరో వేరే చెప్పాలా?

ఇందులో రహస్యమేమీ లేదు. ఏది జరిగింది, ఏది తన కల్పన అన్నది కార్న్‌వెల్ నవలల చివర చారిత్రక గమనికలో తనే ఒప్పుకుంటాడు. తమరు కథ అయిపోగానే పుస్తకం మూసేసి టీవీ మీదికి వస్తారు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ నవలలు కనబడితే వెనక నుంచి తిప్పి చూడండి. పాత కాపీల్లో ముందుగా ఊడేవి ఆ పేజీలే. లేకపోతే సగం ధరకు అడగండి, ఇస్తాడు.

ఇట్లు,
తమతో కలిసి సిరీస్ చూడక తప్పనివాళ్లం