బీలని బంజరు అని రాసినోళ్ళకి

నిన్న మా పాత కాలేజీ గ్రూపులో శ్రీకాకుళం మీద డిస్కషన్ నడిచింది. ఒకడు పెట్టాడు, "మీ జిల్లా వాళ్ళు ఏ ప్లాంటు వచ్చినా అడ్డం పడతారు, థర్మల్ వద్దు, అణు వద్దు, మళ్ళీ గంట కరెంటు పోతే మాత్రం ఊరుకోరు" అని. దానికి బోలెడు లైకులు. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. గ్రూపులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా, పెద్ద పోస్టే, ఓపిక ఉంటే చదవండి.

మాది సోంపేట దగ్గర పల్లె. బీల అంటే ఏంటో తెలియనోళ్ళకి చెప్తా, సముద్రానికీ మా పొలాలకీ మధ్య పల్లంలో నీళ్ళు నిలిచే చిత్తడి నేల అది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పెద్దమ్మ వెనకాల జమ్ము కోతకి వెళ్ళేవాణ్ణి. మే నెల ఎండలో కూడా కాలు పెడితే పైన నీళ్ళు గోరువెచ్చగా, కింద బురద చల్లగా ఉండేది, మోకాళ్ళ దాకా దిగిపోయేవాళ్ళం. పెద్దమ్మ వంగి కోస్తూ మోపు కట్టుకుంటూ పోతుంటే నేను పక్కన మడుగులో చేతులు పెట్టి కెలికేవాణ్ణి, ఇంగిలాయో కొర్రమీనో దొరికితే ఆ రాత్రి పులుసు. మా వరికి ఆ నీళ్ళే, పశువులకి ఆ గడ్డే, వేట లేని రోజుల్లో మత్స్యకారుల ఇళ్ళకి కూర కూడా అక్కణ్ణుంచే వచ్చేది.

ఆ నేలనే కాగితాల్లో పనికిరాని భూమి కింద చూపించారు. 2008లో జీవో ఇచ్చి 970 ఎకరాలకి పైగా ఒక కంపెనీకి కేటాయించారు, 2640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు కోసం. ఆ రోజుల్లో మా మావయ్య పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి పిక్కల దాకా అంటుకున్న బురద చూపించి అడిగిన మాట నాకింకా చెవుల్లో ఉంది, "బంజరంటే ఏటి బాబూ, నీరు లేందే గదా, మరి ఇదేటి?" అని. ఆయన చదివింది ఐదో తరగతి. ఆ ప్రశ్నకి పెద్ద చదువులు చదివినోళ్ళు ఒక్కరూ సమాధానం చెప్పలేదు.

రూల్ ఏం లేక కాదు. ప్లాంట్లకి పర్యావరణ అనుమతి ఎలా ఇవ్వాలో చెప్పే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణం మీద ప్రభావం చెప్పే రిపోర్టు సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. కానీ అసలు రిపోర్టు ఇంగ్లీషులో వందల పేజీలు ఉంటుంది, భూమి ఎలాంటిది, నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి, బూడిద ఎక్కడ పోస్తారు అన్న సంగతులన్నీ అందులోనే ఉంటాయి. ఊళ్ళో వాడు సారాంశం పట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళి ఏం అడగగలడు? మన బొగ్గులో నూటికి 30 నుంచి 40 వంతులు బూడిదే. అంత బూడిద చిత్తడి నేల పక్కన గుట్టలు పోస్తే వానాకాలం అది ఎటు పోతుందో మా పెద్దమ్మని అడిగినా చెప్తుంది. సముద్రపు నీళ్ళు వాడే ప్లాంటు అయితే వదిలే నీరు మామూలు కంటే 7 డిగ్రీల దాకా వేడిగా ఉండొచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి, మరి తీరం దగ్గర వల వేసుకునేవాడి గతేంటి?

ఊళ్ళు ఊళ్ళు కదిలాయి, రైతులు, మత్స్యకారులు కలిసి కూర్చుని రిలే దీక్షలు చేశారు. 2010 జూలై 14న కాల్పులు జరిగి మా వాళ్ళ ప్రాణాలు పోయాయి. నేనప్పుడు వైజాగ్ హాస్టల్లో ఉన్నా, ఇంటికి ఫోన్ చేస్తుంటే ఎవరూ ఎత్తడంలేదు, ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు అండీ! మావయ్య అడిగిన ప్రశ్నని ఏడాది ముందే ఎవరైనా పట్టించుకుని ఉంటే ఆ మనుషులు ఇవాళ ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. దీని మీద నాకు కోపం తగ్గదు, తగ్గాలని కూడా అనుకోను.

ఎనిమిది నెలలు తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న మా జిల్లాలోనే కాకరాపల్లిలో మళ్ళీ అదే జరిగింది, అక్కడా తంపరే, అంటే బీల లాంటి చిత్తడి నేలే, అక్కడా థర్మలే. ఆ చుట్టుపక్కల తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. తర్వాత కొవ్వాడలో 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు 6 అన్నారు, అదీ మత్స్యకార గ్రామాల దగ్గరే.

ఉద్యోగాల సంగతేంటి అంటారు. ఇది నిజమైన ప్రశ్నే, దాటేయను. మా కుర్రాళ్ళు ఇక్కడ పని లేక గుజరాత్ వేరావల్ వెళ్ళి బోట్లెక్కుతున్నారు, 2018 నవంబర్లో మన ఉత్తరాంధ్ర వాళ్ళు పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరికి గానీ ఇళ్ళకి చేరలేదు. వలస ఎంత నరకమో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ వల తప్ప వేరే పని రానివాడికి ప్లాంటులో ఏ ఉద్యోగం ఇస్తారు? కట్టినన్నాళ్ళు కూలి, తర్వాత గేటు బయట సెక్యూరిటీ, అది కూడా ఎంతమందికి? మాకు జెట్టీలు, కోల్డ్ స్టోరేజీలు, జీడిపప్పుకి మంచి ధర, వరికి నీళ్ళు కావాలని ఎన్నేళ్ళ నుంచి అడుగుతున్నాం, దాన్ని మాత్రం ఎవరూ అభివృద్ధి అనరెందుకో నాకర్థం కాదు.

మా వైపు వాళ్ళకి ఒక్క రిక్వెస్ట్. మీ దగ్గర బీల ఫోటోలు ఉంటే, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో తీసినవి, పాతవైనా పర్లేదు, తేదీ, ఊరు పేరు రాసి కింద కామెంట్లలో పెట్టండి. పెద్దమ్మ మోపు నెత్తిన పెట్టుకుని బురదలోంచి వస్తున్న ఫోటో ఒకటి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండాలి, ఆదివారం ఊరెళ్తున్నా, వెతికి మొదట అదే పెడతా.